మాత్రతో లోకాన్ని మార్చబోయిన ఇంజనీరు

చట్టానికి చాటుగా మత్తుమందు తయారుచేసే రసాయనికుడు ఈనాటి యువకుల ఊహలో కథానాయకుడై కూర్చున్నాడు. 'బ్రేకింగ్ బాడ్' వంటి ధారావాహికలు అతన్ని అక్కడ కూర్చోబెట్టాయి. అతనికి తెలివి ఉన్నది, చేతిలో పనితనం ఉన్నది, పోలీసును ఏమార్చగల చాకచక్యం ఉన్నది. అన్నింటినీ మించి తాను పుట్టిన సమాజం మీద ధిక్కారం ఉన్నది. ఈ చివరి గుణమే మన అభ్యుదయ విద్యార్థులను సైతం ఆకర్షిస్తున్నది. ధిక్కారం ఎక్కడ కనిపించినా దానిని విప్లవానికి చుట్టంగా భావించడం మనలో పాత అలవాటు. కాబట్టి అటువంటివారిలో ఒక నిజాయితీపరుడి జీవితాన్ని తీసుకొని, అందులో ధిక్కారమెంత, మార్పు ఎంత అని తూచి చూడవలసివున్నది. డబ్బు కోసం విషం అమ్మినవాడిని విమర్శించడానికి సాహిత్య విమర్శ అక్కరలేదు, పోలీసు రికార్డు చాలును. చిత్తశుద్ధి గలవాడి విషయంలోనే మన పనిముట్లకు పరీక్ష.

ఆ మనిషి టిమ్ స్కల్లీ. అమెరికాలో 1944లో పుట్టాడు. అతన్ని గురించీ, అతని సహచరుడు నిక్ శాండ్‌ను గురించీ కాస్మో ఫీల్డింగ్–మెలెన్ 2015లో 'ది సన్‌షైన్ మేకర్స్' అనే వాస్తవ చిత్రం తీశాడు. స్కల్లీ జీవితం చాలామందికి ఈ చిత్రం ద్వారానే తెలిసింది గనుక, జీవితాన్నీ దాని మీద చిత్రం చెప్పే భాష్యాన్నీ కలిపే పరిశీలించాలి.

స్కల్లీ బాల్యం నుంచీ ఎలక్ట్రానిక్సు పిచ్చివాడు. హైస్కూలు రోజుల్లోనే వేసవి సెలవుల్లో లారెన్స్ రేడియేషన్ లాబరేటరీలో పనిచేశాడు. పాదరసాన్ని బంగారం చేద్దామని బడి ప్రయోగశాలలో చిన్న లీనియర్ యాక్సిలరేటర్ నిర్మించబూనాడు. మన జనశ్రుతిలో వేమన కూడా యోగి కాకముందు పరుసవేది వెంట తిరిగినవాడే. అయితే వేమన దానిని వదిలి మనుషుల మధ్యకు నడిచాడు. స్కల్లీ వదలలేదు, లోహానికి బదులు మనిషి మనస్సును ఎంచుకున్నాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు గణిత భౌతికశాస్త్రం చదివి, 1964లో చదువు ఆపి, ఎలక్ట్రానిక్ పరికరాల రూపకల్పన వృత్తిగా పెట్టుకున్నాడు. 1965 ఏప్రిల్‌లో తొలిసారి ఎల్.ఎస్.డి. మింగాడు. ప్రపంచమంతా ఒకటేనన్న అనుభూతి కలిగిందనీ, ఈ అనుభూతి అందరికీ కలిగితే యుద్ధాలుండవనీ, ప్రకృతి విధ్వంసముండదనీ అతనికి తోచింది. అంతటితో అతని జీవిత కార్యక్రమం నిర్ణయమైపోయింది: వీలైనంత ఎక్కువ తయారుచేయాలి, వీలైతే ఊరికే పంచాలి.

అప్పటికి ఆ పనిలో ఉన్న ప్రముఖుడు ఔస్లీ స్టాన్లీ. అతనూ కొన్నాళ్లు ఇంజనీరింగు చదివి, వైమానిక దళంలో ఎలక్ట్రానిక్సు నేర్చి, బర్క్‌లీ గ్రంథాలయంలో కూర్చొని రసాయన పత్రికలు చదువుకొని చేయి తిప్పుకున్నవాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందానికి పోషకుడు, ధ్వని ఇంజనీరు. అతను స్కల్లీని వెంటనే ప్రయోగశాలలోకి రానివ్వలేదు. ముందు ఆ బృందానికి శబ్ద పరికరాలు తయారుచేయమన్నాడు. 1966లో పాయింట్ రిచ్‌మండ్‌లో శిష్యరికం మొదలైంది. ఆ అక్టోబరు 6న కాలిఫోర్నియాలో ఎల్.ఎస్.డి. నిషేధమైంది. తరువాత డెన్వర్. స్టాన్లీ 1967 డిసెంబరులో పట్టుబడ్డాక, స్కల్లీ నిక్ శాండ్‌తో కలిసి 1969లో కాలిఫోర్నియాలోని విండ్సర్ అనే చిన్న ఊళ్లో ప్రయోగశాల పెట్టాడు. అక్కడ తయారైన నారింజరంగు మాత్రలే 'ఆరెంజ్ సన్‌షైన్'. దాదాపు 36 లక్షల మాత్రలు. ఒక్కొక్క దానిలో 300 మైక్రోగ్రాముల మందు. లెక్క కట్టి చూడండి, మొత్తం మందు ఒక కిలోకు కొంచెం పైన మాత్రమే!

ఈ లెక్కలోనే ఇంజనీరుకు కలిగిన ప్రలోభం ఉన్నది. ఒక సంచిలో పట్టే పదార్థంతో లక్షల మనస్సులను కదపగలనని తెలిసినవాడికి కరపత్రాలు పంచడం, సంఘం కట్టడం, ఒక్కొక్క మనిషిని కూర్చోబెట్టి నచ్చజెప్పడం ఎంత నిదానపు పనిగా కనిపిస్తాయో మనం ఊహించగలం. ఆ మందు వెలుతురుకు చెడిపోతుంది. పసుపు దీపాల కింద పనిచేయాలి. మోతాదు వెంట్రుకవాసి తప్పినా మింగినవాడికి ప్రమాదం. స్కల్లీ ఈ విషయాల్లో మహా నిష్ఠాపరుడు. తన మాత్ర శుద్ధమైనదనీ, మోతాదు సమానమనీ అతనికి గర్వం. ఆ గర్వంలో చెప్పదగిన మంచి ఉన్నది. పనిని పనిగా ప్రేమించేవాడి గర్వమది.

చిత్రం ఈ గర్వాన్ని చక్కగా పట్టుకున్నది. స్కల్లీ బిడియాన్నీ, శాండ్ భోగలాలసతనూ పక్కపక్కన పెట్టి నవ్వించింది. వెంటాడిన పోలీసు అధికారులు కూడా ముసలివారై తెర మీదికి వచ్చి పాత కబుర్లు చెబుతారు. కాని దాని నడక దొంగ–పోలీసు ఆట నడక. పాటలు, పరుగులు, తప్పించుకోవడాలు. చూస్తున్నంతసేపూ ఉల్లాసంగా ఉంటుంది. 'వీళ్లు లోకాన్ని మార్చబోయారు, పాపం' అన్న వాత్సల్యంతో ప్రేక్షకుడు లేస్తాడు. ఏ లోకాన్ని, ఎవరి డబ్బుతో, ఎవరి పంటతో అని అడిగే తీరిక ఆ నడకలో లేదు. ఆ మూడు ప్రశ్నలూ మనం అడగాలి.

మొదట డబ్బు. విండ్సర్ ప్రయోగశాలకు అప్పు పెట్టినవాడు విలియం మెలన్ హిచ్‌కాక్. మెలన్‌లంటే అమెరికా ద్రవ్య పెట్టుబడికి మూలస్తంభాలలో ఒక వంశం. ఇతని తాత గల్ఫ్ ఆయిల్ స్థాపకుడు. న్యూయార్కు రాష్ట్రంలోని మిల్‌బ్రూక్‌లో ఇతని కుటుంబపు ఎస్టేటులోనే టిమొతీ లియరీ తన శిష్యగణంతో కాపురముండి చైతన్య విస్తరణ ప్రబోధించాడు. చమురు లాభాల మీద పెరిగిన కుమారుడికి చైతన్య విస్తరణ ఒక వినోదం, ఆపైన వ్యాపారం. ప్రభుత్వం అతని విదేశీ ఖాతాలను తవ్వడం మొదలుపెట్టగానే అతను ఏంచేశాడు? పన్నుల నేరం ఒప్పుకొని, రసాయనికుల మీద ప్రభుత్వ సాక్షిగా బోనెక్కాడు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు స్కల్లీకి 20 ఏళ్లు, శాండ్‌కు 15 ఏళ్లు శిక్ష వేసింది. మెలన్ మనుమడు జైలు గడప తొక్కలేదు. తాము చేసింది ఎల్.ఎస్.డి. కాదు, అప్పటికి నిషేధం లేని ఏ.ఎల్.డి.–52 అనే దగ్గరి చుట్టమని ముద్దాయిలు వాదించారు గాని చెల్లలేదు.

దీనిని 'స్నేహద్రోహం' అని మాత్రమే చెప్పుకొంటే అది వ్యక్తుల కథగా మిగిలిపోతుంది. వర్గదృష్టితో చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. పెట్టుబడి ధిక్కారాన్ని కూడా అద్దెకు తీసుకోగలదు, గడువు తీరగానే ఖాళీ చేయించగలదు. స్కల్లీ డబ్బు తాకకుండా పరిశుద్ధంగా ఉండాలనుకున్నాడు, తన వంతు లాభాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అయినా డబ్బు అతని చుట్టూ దాని దారిన అది నడిచింది. ఊరికే పంచుదామనుకున్న మాత్ర దళారుల చేతిలో సరుకైంది.

ఇక పంట. ఈ భాగం మన తల్లాడ పాఠకులకు దగ్గరిది గనుక కొంచెం నిలిచి చెబుతాను. ఎల్.ఎస్.డి. ఆకాశం నుంచి ఊడిపడలేదు. రై అనే చలిదేశపు ధాన్యం కంకికి పట్టే ఎర్గాట్ అనే బూజు దానికి మూలం. మన సజ్జకు పట్టే తేనెబంక తెగులు ఆ కుటుంబానిదే. మధ్యయుగపు ఐరోపాలో ఆ బూజు పట్టిన రొట్టె తిన్న పేదలకు కాళ్లూ చేతులూ కుళ్లి రాలిపోయేవి. దానిని సెయింట్ ఆంథొనీ మంట అన్నారు. మన దేశంలోనూ 1975లో రాజస్థాన్‌లో తెగులు సజ్జలు తిన్న పల్లెలు జబ్బుపడ్డాయి. పుచ్చు గింజ ఏరిపారేయగల స్తోమత లేనివాడి రోగమది. ఆ బూజునే స్విట్జర్లాండులో సాండోజ్ కంపెనీ మందుల కోసం పనిగట్టుకొని పండించింది. ఎమెంటాల్ లోయలో సూదులు దిగేసిన పలకలతో కూలీలు కంకులను ఒక్కొక్కటిగా గుచ్చి తెగులు అంటించేవారు. ఆ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేశాడు, దాని ప్రభావం 1943లో తెలుసుకున్నాడు.

అదే హాఫ్‌మన్, అదే సాండోజ్, అదే బూజు నుంచి మరొక మందు చేశారు. దాని పేరు మెథర్జిన్. ప్రసవమైన తల్లికి రక్తం ఆగకపోతే గర్భసంచి ముడుచుకొనేటట్లు చేసే సూదిమందు. ఈనాడు ఆక్సిటోసిన్‌కు మొదటి స్థానం ఇస్తున్నారు గాని, రక్తపోటు లేని తల్లులకు మెథర్జిన్ నేటికీ వాడుకలో ఉన్నది. మన దేశంలో తల్లుల మరణాలకు ప్రధాన కారణాలలో ప్రసవానంతర రక్తస్రావం ఒకటి. ఎల్.ఎస్.డి. లాగానే మెథర్జిన్ కూడా వెలుతురుకూ వేడికీ చెడిపోతుంది; చీకటిగా, చల్లగా దాచాలి. తల్లాడ దాటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా భద్రాచలం అడవి వైపు పోయినకొద్దీ ఆ రెండు మాటల విలువ తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌లోని సీసా ఎంతసేపు పనికొస్తుంది, వాగు దాటి గర్భిణిని మోసుకొచ్చేసరికి అది మందుగా మిగిలివుంటుందా అన్నది గొప్ప ఇంజనీరింగు సమస్య. విండ్సర్‌లో పసుపు దీపాల కింద స్కల్లీ సాధించినది సరిగ్గా ఇటువంటి సమస్యలోని సగమే. ఒకే బూజు, ఒకే రసాయనం, దాదాపు ఒకే రకం పనితనం. అటు 36 లక్షల మాత్రలు. ఇటు ఆదివాసీ గూడెంలో ఒక సీసా.

ఇలా పోల్చడం అన్యాయమని ఎవరైనా అనవచ్చు. కాలిఫోర్నియా యువకుడికి కోయ గూడెం ఎందుకు గుర్తుకు రావాలి? నిజమే, రావాలని నేననడం లేదు. కాని అతని కళ్లెదుట మరొక దారి ఉన్నది, అది అతని ఊళ్లోనే ఉన్నది. స్కల్లీ చదువు ఆపిన 1964లోనే బర్క్‌లీలో వాక్స్వాతంత్ర్య ఉద్యమం లేచింది. డిసెంబరులో విద్యార్థులు విశ్వవిద్యాలయ భవనాన్ని ఆక్రమిస్తే దాదాపు 800 మందిని అరెస్టు చేశారు. మరుసటి ఏడు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అక్కడే పెద్ద సభలు జరిగాయి. 1965 అక్టోబరులో అటువంటి ఒక సభకు ఎల్.ఎస్.డి. ప్రచారకుడైన నవలాకారుడు కెన్ కీసీని పిలిస్తే, అతను హార్మోనికా వాయించి, ఊరేగింపులతో యుద్ధం ఆగదనీ, యుద్ధానికి వీపు తిప్పి వెళ్లిపొమ్మనీ బోధించాడు. ఒకే ఆవరణలో నుంచి రెండు దారులు చీలిన ఘట్టమది. మనస్సు మారితే లోకం మారుతుందని ఒకటి. లోకాన్ని మార్చే పనిలోనే మనస్సు మారుతుందని ఒకటి. స్కల్లీ మొదటి దారిన పోయాడు.

మొదటి దారి భావవాదమని తేల్చిపారేసి ఊరుకుంటే మన పత్రికలలో అది చెల్లిపోతుంది, కాని అంతటితో తృప్తిపడకూడదు. ఆ సిద్ధాంతం తప్పని రుజువు చేయగల ప్రయోగం స్కల్లీ కన్న ముందే జరిగింది, చేసినవాళ్లు అమెరికా గూఢచారులు. సి.ఐ.ఏ. 1953లో ఎం.కె. అల్ట్రా అనే రహస్య పథకం కింద ఇదే మందును, తెలియని మనుషులకు సైతం, ఇచ్చి చూసింది. ఆ ఏడాది నవంబరులో, ఇలా తెలియకుండా మందు ఇవ్వబడిన ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రజ్ఞుడు న్యూయార్కు హోటలు కిటికీలో నుంచి పడి చనిపోయాడు. 1973లో సంస్థాధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఆ కాగితాలను తగలబెట్టించాడు. ఆ మాత్ర సహజంగానే శాంతినీ సమతనూ బోధించేదయితే, దానిని చేతబట్టిన గూఢచారులకు ఆ బోధ ఎందుకు కాలేదు? పదార్థం ఏ చేతుల్లో, ఏ సంబంధాల మధ్య ఉన్నదో అదే దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. 1969 డిసెంబరు 6న ఆల్టమాంట్ సంగీతోత్సవంలో మాత్రలకు కొదువ లేదు. అక్కడే మెరిడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి యువకుడు కత్తిపోట్లకు బలి అయ్యాడు. స్కల్లీకి కళ్లు తెరుచుకోవడం ఆ కాలంలోనే మొదలైంది. 1970లో ఆ పని మాని ఎలక్ట్రానిక్సుకు తిరిగివచ్చాడు.

(ఇదే 1965లో మన హైదరాబాదులో దిగంబర కవులు తమ తొలి సంపుటాన్ని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. కోపం ఆ కాలపు కోపమే, మధ్యతరగతి వేదనే, దాని భాషలో అరాచకమూ ఉన్నది. కాని పుస్తకం తొక్కిన రిక్షాను అది విడిచిపోలేదు. వారిలో పలువురు 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరారు. ధిక్కారానికి ఆ రిక్షావాడు తోడుండడమూ లేకపోవడమూ ఎంత తేడా చేస్తుందో సాహిత్య విద్యార్థులు విడిగా పరిశీలించదగ్గ విషయం.)

స్కల్లీని విమర్శించినంత మాత్రాన అతన్ని శిక్షించిన చట్టం పక్షాన నిలబడ్డట్టు కాదు. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చిన రోడ్డు మా తల్లాడలో చీలి ఒక పాయ సత్తుపల్లికీ, మరొకటి కొత్తగూడెం, భద్రాచలం వైపుకూ పోతుంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల గంజాయి భద్రాచలం మీదుగా హైదరాబాదు వైపు కదులుతుంది, తనిఖీల్లో దొరుకుతుంది. దొరికిందంటే ఎవరు దొరికారు? బండి తోలినవాడు, మూట మోసినవాడు, చాలాసార్లు గిరిజన యువకుడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోల గంజాయి దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. ఎల్.ఎస్.డి. విషయంలో ఆ హద్దు గ్రాములో పదోవంతు. రెండు హద్దులూ సరకు బరువునే తూస్తాయి. సరకు వెనుక పెట్టుబడి బరువును అవి తూయవు. హిచ్‌కాక్ మన రోడ్డు మీద కూడా ఉన్నాడు, అయితే అతను లారీలో ప్రయాణం చేయడు.

మన స్వంత రసాయనికుల మాట కూడా చెప్పుకోవాలి. సోవియట్ సహకారంతో హైదరాబాదులో వెలసిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం రెండు తరాలకు మందుల తయారీ నేర్పింది. చౌక మందులు ప్రజలకు అందాలన్నది దాని పుట్టుకలోని ఆశయం. ఆ సంస్థ మూలపడ్డది. అది పెంచిన విద్య ప్రైవేటు కంపెనీలకు పోయింది, అందులో ఒక సన్నని పాయ చాటుమాటు ప్రయోగశాలలకూ పోయింది. అక్కడ ఇప్పుడు తయారవుతున్నది చైతన్య విస్తరణ మందు కాదు, కల్లులో కలిపే అల్ప్రజోలాం. 2025 సెప్టెంబరులో హైదరాబాదు బోయినపల్లిలో ఒక బడి భవనంలోనే అటువంటి ప్రయోగశాల బయటపడింది. అంతకు రెండు నెలల ముందు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కూలీలు చనిపోయారు. స్కల్లీని ఆరాధించే విద్యార్థి ఈ రసాయనికుడిని అసహ్యించుకుంటాడు. సబబే. కాని తాగే కూలీకి ఏమి కలిపారో చెప్పని ఈ రసాయనికుడు, ఊరికే పంచాలని తపించిన ఆ రసాయనికుడు, ఇద్దరూ ఒక విషయంలో ఒకటే: మింగేవాడిని సంప్రదించలేదు. అతని జీవితం ఎలా మారాలో తయారుచేసేవాడే నిర్ణయించాడు.

చిత్రం వచ్చిన తరువాత మరొక మలుపు కూడా తిరిగింది. భ్రాంతి కలిగించే ఈ మందులు మానసిక వైద్యంలోకి తిరిగి వస్తున్నాయి. 2023 జూలై నుంచి ఆస్ట్రేలియా కొన్ని జబ్బులకు సైలోసిబిన్‌ను, ఎం.డి.ఎం.ఏ.ను మానసిక వైద్యులు రాయవచ్చునన్నది. జబ్బుమనిషికి మేలు జరిగితే కాదనేవాడెవడు? అయితే సైలోసిబిన్ పుట్టగొడుగు మెక్సికోలోని మజటెక్ ఆదివాసులు తరతరాలుగా ఎరిగినది. దానినుంచి తీసిన పదార్థపు స్ఫటిక రూపం మీద కంపాస్ పాత్‌వేస్ అనే కంపెనీ పేటెంటు పుచ్చుకున్నది. శాండ్, స్కల్లీల 'ఊరికే పంచడం' చివరకు ఏ దుకాణానికి ప్రచారంగా ఉపయోగపడుతున్నదో ఆలోచించదగ్గది.

స్కల్లీ జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకొనే భాగం విండ్సర్ కాదు. శాండ్ 1976లో కెనడాకు పారిపోయి, పేరు మార్చుకొని, 1996లో పట్టుబడేదాకా మందులు తయారుచేస్తూనే ఉన్నాడు. 2017లో చనిపోయాడు. స్కల్లీ మాత్రం వాషింగ్టన్ రాష్ట్రంలోని మెక్‌నీల్ దీవి జైలుకు వెళ్లాడు. అక్కడ తన పాత విద్య పనికి పెట్టాడు. మాట రాని, చేతులు కదలని వికలాంగులు కంప్యూటరు ద్వారా తమ మాట చెప్పుకొనే సాధనాలు రూపొందించాడు. ఈ పని చేయాలంటే ముందు ఎదుటి మనిషి ఏ కండరం కదపగలడో అడిగి తెలుసుకోవాలి, అతను అలసిపోతే ఆగాలి, సాధనం అతనికి నప్పకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. లక్షల మందికి ఒకే మోతాదు ఇక్కడ కుదరదు. ఇంజనీరు మొదటిసారి మనిషిని కలుసుకున్నది జైలులోనని నాకనిపిస్తుంది. చిత్రకారుడికి పట్టవలసిన ఘట్టం ఇది. ఇందులో పరుగుల్లేవు, పాటల్లేవు.

విడుదలైన తరువాత అతను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవించాడు. వృద్ధాప్యంలో చాటుమాటు ఎల్.ఎస్.డి. తయారీ చరిత్రను కోర్టు కాగితాల నుంచీ, తోటివారి జ్ఞాపకాల నుంచీ కూడబెట్టే పనిలో పడ్డాడు. ఎవరు ఎప్పుడు ఎంత తయారుచేశారు, ముడిసరుకు ఏ దేశం నుంచి వచ్చింది, డబ్బు ఏ బాంకు గుండా పోయింది అన్నవి అందులోని ప్రశ్నలు. ఇంజనీరు లెక్క ఇంజనీరు లెక్కే. ఎమెంటాల్ లోయలో సూదుల పలక పట్టుకున్న కూలీ దగ్గర ఆ లెక్క మొదలైతే బాగుండును.